మంచి రేవుల దగ్గర ఆగిన ఓడ

2020 ఆగస్టు నెలాఖరు. గుంటూరులో మా ఇంటి ముందుగదిలో తెల్లవారుజామున మూడున్నరకే దీపం వెలిగేది. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు సాయంత్రం ఆరు గంటలు. మా చిన్నమ్మాయి ఎం.ఎస్. మొదటి సెమిస్టరు తరగతి అప్పుడే మొదలయ్యేది. కళ్లు నులుముకుంటూ ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది. కరెంటు పోతే ఫోన్‌లో ఉన్న నెట్‌తో నెట్టుకొచ్చేది. నవంబరులో వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నాక తరగతి మనకు నాలుగున్నరకు మారింది. ఆ ఒక్క గంట నిద్ర దొరికినందుకే ఇంట్లో పండగలా అనిపించింది.

ఆ విశ్వవిద్యాలయం గేటు ఎలా ఉంటుందో అమ్మాయి చూడలేదు. తోటి విద్యార్థుల్లో ఒక్కరినీ ఎదురుగా కలవలేదు. ఫీజు మాత్రం మొత్తం కట్టేశాం. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు అది.

ఆ ఫీజు అప్పుడే కట్టనక్కరలేదని అమ్మాయి ముందే చెప్పింది. మేమే వినలేదు. ఇన్నేళ్ల తర్వాత ఈ సంగతి చెప్పుకోవడం మాకు గొప్ప కాదు. కాని పిల్లల్ని పైచదువులకు పంపాలని ప్రార్థిస్తున్న తల్లిదండ్రులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. మేము తడబడినచోట వాళ్లు తడబడకూడదనే ఈ నాలుగు మాటలు.

తలుపులు మూసుకున్న ఏడాది

ఆ ఏడాది ఫిబ్రవరిలో అమ్మాయికి అడ్మిషన్ వచ్చింది. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు పేరు చదివి స్తోత్రాలు చెప్పించారు. నెల తిరక్కుండానే లోకం తలకిందులైంది. మార్చి మధ్యలో మన దేశంలోని అమెరికా కాన్సులేట్లు వీసా ఇంటర్వ్యూలు ఆపేశాయి. మార్చి 23 నుంచి విదేశీ విమానాలు ఆగిపోయాయి. అవి మళ్లీ ఎప్పటిలా తిరగడం మొదలైంది 2022 మార్చి 27నే. ఈ మధ్యలో మే నుంచి వందే భారత్ విమానాలు, జూలై నుంచి కొన్ని దేశాలతో కుదిరిన ప్రత్యేక ఏర్పాటు కింద కొద్దిపాటి విమానాలు, అంతే.

నిబంధనలు వారానికొకటి మారేవి. జూలై 6న అమెరికా ప్రభుత్వం, తరగతులన్నీ ఆన్‌లైన్‌లోనే జరిగే విదేశీ విద్యార్థులు దేశంలో ఉండటానికి వీల్లేదంది. హార్వర్డ్, ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయాలు కోర్టుకెళ్లాయి. జూలై 14న ప్రభుత్వం ఆ మాట వెనక్కి తీసుకుంది. హమ్మయ్య అనుకునేలోగా జూలై 24న మరొక మాట వచ్చింది. కొత్తగా చేరే విద్యార్థికి తరగతులన్నీ ఆన్‌లైనే అయితే దేశంలోకి ప్రవేశం లేదు. మా అమ్మాయి కొత్తగా చేరేవాళ్లలో ఉంది. ఆమె కోర్సు పూర్తిగా ఆన్‌లైన్‌కు మారింది.

ఒక్క అమెరికాయే కాదు. ఆస్ట్రేలియా 2020 మార్చి 20న సరిహద్దులు మూసి, విదేశీ విద్యార్థులకు 2021 డిసెంబరు 15న గాని తెరవలేదు. న్యూజిలాండ్ పూర్తిగా తెరవడానికి 2022 జూలై నెలాఖరు వచ్చింది. కెనడా 2020 అక్టోబరు 20 నుంచి, కరోనా ఏర్పాట్లకు అనుమతి పొందిన కళాశాలల విద్యార్థుల్ని రానిచ్చింది. 2021 ఏప్రిల్‌లో మళ్లీ మన దేశం నుంచి నేరుగా వెళ్లే విమానాల్ని ఐదు నెలలు ఆపేసింది. చైనాలో వైద్యం చదువుతున్న మన పిల్లల బాధ అన్నిటికంటే పెద్దది. 2020 మొదట్లో ఇంటికొచ్చినవాళ్లకు తిరిగి వీసాలు మొదలైంది 2022 ఆగస్టులో. ఈలోగా, ఆన్‌లైన్‌లో మాత్రమే చదివిన వైద్యవిద్యను గుర్తించబోమని మన జాతీయ వైద్య కమిషన్ హెచ్చరించింది. రెండున్నరేళ్లు ఇంట్లో కూర్చుని చదివిన బిడ్డ, ఆ చదువు చెల్లుతుందో లేదో తెలియక కుమిలిపోయిన రోజులవి.

మేము ఎవరి మాట విన్నాం?

జూలై నెలాఖరులో మా ఇంట్లో రెండు మాటలు నడిచాయి. ఒకటి అమ్మాయిది. "నాన్నా, ఒక ఏడాది ఆగుదాం. సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవచ్చని యూనివర్సిటీ వాళ్లే రాశారు. ల్యాబు లేకుండా ఈ కోర్సు చదివి ఏం లాభం?" అంది. ఆ ఈమెయిల్ చదివి వినిపించింది కూడా.

రెండోది కన్సల్టెన్సీలో మాకు పరిచయమైన ఒకాయనది. "మాస్టారూ, ఆగితే సీటు పోతుంది. ఒక్క సెమిస్టరు ఇక్కణ్నుంచే కానివ్వండి. జనవరికల్లా వీసా నా పూచీ" అన్నారు. ఆయన చాలామందిని పంపారు. అనుభవం ఉన్నవాడు. పైగా ఫీజు కడితే ఆయనకు రావలసిందేదో వస్తుందన్న ఆలోచన మాకు అప్పుడు తట్టలేదు.

మూడో మాట ఎవరూ పైకి అనలేదు గాని మా ఇద్దరి లోపలా అదే తిరిగింది. సంఘంలో స్తోత్రాలు చెప్పించుకున్నాం. బంధువులందరికీ స్వీట్లు పంచాం. ఇప్పుడు అమ్మాయి ఇంట్లోనే ఉందంటే ఏమనుకుంటారు?

మేము ఆ మూడో మాటే విన్నాం. దానికి దేవుని చిత్తం అని పేరు పెట్టుకున్నాం.

ఆ తర్వాత చాలాకాలానికి, కుటుంబ ప్రార్థనలో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం వంతు వచ్చింది. ఎన్నోసార్లు చదివినదే. ఆ రాత్రి మాత్రం చదువుతుంటే మా సంగతే ఎవరో రాసినట్టుంది.

పౌలు ఖైదీగా రోమాకు వెళ్తున్నాడు. క్రేతు ద్వీపంలో మంచి రేవులు అనే చోట ఓడ ఆగింది. ఉపవాస దినం దాటిపోయింది. అంటే శరదృతువు వచ్చేసింది. ఆ కాలంలో మధ్యధరా సముద్రం మీద ఓడలు నడపడం ప్రాణాలతో చెలగాటం. చలికాలమంతా ఓడలు రేవుల్లో కట్టేసి ఉండేవి. ఇక ముందుకు వెళ్తే సరుకుకీ ఓడకీ ప్రాణాలకీ నష్టమని పౌలు హెచ్చరించాడు. కాని శతాధిపతి యూలి నావికుడినీ ఓడ యజమానినీ నమ్మాడు. పేరుకు అది మంచి రేవే గాని చలికాలం గడపడానికి అనువైనది కాదు. కాస్త ముందుకెళ్తే ఫీనిక్సు రేవు ఉంది. ఎక్కువమంది అటే మొగ్గారు. ఇంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచింది. ఇంకేం, అనుకున్నది నెరవేరిందనుకుని లంగరు ఎత్తేశారు. కాసేపటికే ఊరకులోను అనే పెనుగాలి కొట్టింది.

యూలి చెడ్డవాడు కాదు. పౌలు పట్ల దయగానే ఉన్నాడు. ఓడ సంగతి నావికుడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందనుకున్నాడు. లోకరీతిగా అది తెలివైన నిర్ణయమే. తప్పు ఎక్కడ జరిగింది? ఓడ కదిలితే లాభం ఉన్నవాళ్ల సలహా మీదే ఓడ కదపడంలో. అనువైన గాలి ఒక్కసారి వీచగానే దాన్ని దేవుని జవాబు అనుకోవడంలో.

మాకు వీచిన దక్షిణపు గాలి కూడా ఉంది. 2020 ఆగస్టులో కాన్సులేట్లు విద్యార్థుల ఇంటర్వ్యూలు కొద్దిగా మొదలుపెట్టాయి. ఆ వార్త చూడగానే "చూశావా, దేవుడు ద్వారం తెరిచాడు" అని అమ్మాయితో అన్నాం. ఆ సాయంత్రమే ఫీజు పంపేశాం.

పెనుగాలి

జనవరి వచ్చింది. వీసా స్లాటు దొరకలేదు. పూచీ పడ్డాయన ఫోను ఎత్తడం తగ్గించారు. అమ్మాయి మార్కులు ఫరవాలేదు గాని ముఖంలో కళ పోయింది. సంక్రాంతి తర్వాత ఒకరోజు మా ఎదుట కూర్చుని "ఇక నావల్ల కాదు, ఇప్పటికైనా ఆపుదాం" అంది. ఈసారి విన్నాం. మిగతా చదువును 2021 ఆగస్టుకు వాయిదా వేయించింది. ఒక సెమిస్టరు అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంది.

ఏప్రిల్, మే నెలల్లో రెండో అల వచ్చింది. ఆ రోజుల్ని ఏ ఇంట్లోనూ మరచిపోలేరు. మా ఇంట్లో తాతయ్యకు జ్వరం మొదలై నాలుగో రోజుకు ఊపిరి అందలేదు. మంచం కోసం, ఆక్సిజన్ సిలిండరు కోసం ఊరంతా తిరిగింది అమ్మాయే. ఆసుపత్రి బయట ఆటోలో ఆయన చెయ్యి పట్టుకుని రాత్రంతా కూర్చుంది ఆమే. తొమ్మిదో రోజున ఆయన ప్రభువు నందు నిద్రించారు. సమాధికి ఐదుగురమే వెళ్లాం.

"అందుకే దేవుడు అమ్మాయిని ఆపాడు" అని కొందరు ఓదార్చారు. మంచి మనసుతోనే అన్నారు. కాని మేము ఆ లెక్క వేయలేం. అదే నెలలో ఎందరో పిల్లలు పరాయి దేశంలో గదిలో ఒంటరిగా కూర్చుని, తండ్రి అంత్యక్రియల్ని ఫోనులో చూశారు. వాళ్లనెందుకు ఆపలేదని ఎవరైనా అడిగితే మా దగ్గర జవాబు లేదు. మాకు తెలిసింది ఒక్కటే. మేము అనుకోని చోట, మేము కోరుకోని కాలంలో కూడా ఆమె చేతికి దేవుడు ఒక పని ఇచ్చాడు. పౌలుకు కైసరయలో రెండేళ్ల చెర, మెలితే ద్వీపంలో మూడు నెలల ఎదురుచూపు ఇచ్చినట్టే.

రెండోసారి ప్రయాణం

2021 ఏప్రిల్ 30న అమెరికా మన దేశం నుంచి వచ్చేవారిపై ఆంక్షలు ప్రకటించింది. మే 4 నుంచి అవి అమల్లోకొచ్చాయి. అయితే ఆగస్టు 1 తర్వాత తరగతులు మొదలయ్యే విద్యార్థులకు మినహాయింపు ఉంది. తరగతులకు 30 రోజుల ముందు కంటే ముందుగా దిగకూడదు. ఈసారి ఈ సంగతులన్నీ అమ్మాయే ప్రభుత్వం వెబ్‌సైటులో చదివి నోటుపుస్తకంలో రాసుకుంది. ఎవరినీ అడగలేదు.

టీకా మరో చిక్కు. మన హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి 2021 నవంబరు 3న గాని రాలేదు. అందుకే చాలా విశ్వవిద్యాలయాలు దాన్ని ఒప్పుకోలేదు. కోవిషీల్డ్ రెండో డోసుకేమో 84 రోజులు ఆగాలి. విదేశాలకు వెళ్లే విద్యార్థులు 28 రోజుల తర్వాత వేయించుకోవచ్చని, ధ్రువపత్రం మీద పాస్‌పోర్టు నంబరు ఉండాలని జూన్ 7న కేంద్రం చెప్పాక దారి దొరికింది.

జూన్ మధ్యలో వీసా స్లాట్లు విడుదలయ్యాయి. దేశమంతా ఒకేసారి ఆ సైటు మీద పడింది. మూడు రోజులు, మూడు రాత్రులు. చివరికి హైదరాబాద్ కాన్సులేటులో జూలైకి స్లాటు దొరికింది. ఆ వేసవిలో మన దేశం నుంచి 55 వేలకు పైగా విద్యార్థులు, ఎక్స్చేంజి సందర్శకులు వీసాలు పొందారు. వారిలో మా అమ్మాయి ఒకతె. ఆగస్టులో మూతికి రెండు మాస్కులు, చేతిలో ఆర్‌టీపీసీఆర్ కాగితంతో శంషాబాద్‌లో విమానం ఎక్కింది.

పౌలు పెనుగాలిలో ఒక్కసారే అన్నాడు, ముందే నా మాట విని ఉండాల్సిందని. ఆ వెంటనే వాళ్లకు ధైర్యం చెప్పాడు. మా అమ్మాయి ఆ ఒక్కసారి కూడా అనలేదు. అందుకే మేమే ఇక్కడ ఒప్పుకుంటున్నాం.

ఇప్పుడు ప్రయాణం కట్టేవారికి

ఆ మహమ్మారి పోయింది గాని అనిశ్చితి పోలేదు. 2025 మే 27న అమెరికా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల కేటాయింపును ఆపింది. విద్యార్థుల సోషల్ మీడియా ఖాతాలు పరిశీలిస్తామంటూ జూన్ 18న మళ్లీ మొదలుపెట్టింది. ఆ మూడు వారాలు మా సంఘంలో ఒక కుర్రవాడికి నిద్ర లేదు. అమ్మాయి అక్కణ్నుంచి ఫోన్లో వాడితో మాట్లాడుతుంటే మేమూ విన్నాం. ఆమె చెప్పిన సంగతులకు మేము నేర్చుకున్నవి కలిపి రాస్తున్నాం.

మొదటిది, నోటిమాట మీద రూపాయి కూడా కట్టవద్దు. సీటు వాయిదా వేస్తారా, కట్టిన డిపాజిట్టు తిరిగి ఇస్తారా, స్కాలర్‌షిప్పు వచ్చే ఏడాదికీ ఉంటుందా? ఈ మూడూ విశ్వవిద్యాలయానికే రాసి అడగాలి. వచ్చిన జవాబు దాచుకోవాలి. వీసా నిబంధన ఆ దేశ ప్రభుత్వం చెప్పినదే నిబంధన. మధ్యవర్తి పూచీకి విలువ లేదు.

రెండోది, అప్పు మంజూరు వేరు, అప్పు తీసుకోవడం వేరు. బ్యాంకు మంజూరు చేసినా, డబ్బు విడుదలైన మొత్తం మీదే వడ్డీ నడుస్తుంది. కాబట్టి వీసా చేతికొచ్చేదాకా ఫీజు మొత్తం విడుదల చేయించవద్దు. అమెరికాకు కట్టే సెవిస్ రుసుము, ఏడాదిలోపు వేరే విశ్వవిద్యాలయం ఐ-20కి మార్చుకోవచ్చు. ఇలాంటివి తెలియక రెండుసార్లు కట్టినవాళ్లున్నారు.

మూడోది, ఒక తేదీ పెట్టుకోండి. ఫలానా రోజులోగా వీసా రాకపోతే వాయిదా వేస్తామని ఇంట్లో అందరూ కూర్చుని ముందే అనుకోండి. ఆశ మీద ఆశతో వారం వారం సాగదీస్తే వాయిదా కోరే గడువు కూడా దాటిపోతుంది. రెండో దారి కూడా చూసి పెట్టుకోండి. అది మరో దేశం కావచ్చు, ఇక్కడే ఒక ఏడాది ఉద్యోగం కావచ్చు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలిసిందే. లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు.

నాలుగోది, చదివేది బిడ్డ. ఆమె మాట చివర వినవద్దు, మొదట వినండి.

వెనక బెంచీలోని బిడ్డ

ఒక మాట సంఘాలకు కూడా. వీసా వచ్చిన బిడ్డను మనం ముందుకు పిలుస్తాం. సాక్ష్యం చెప్పిస్తాం, చప్పట్లు కొడతాం. మంచిదే. కాని అదే ఆదివారం వీసా తిరస్కరించిన బిడ్డ వెనక బెంచీలో తల దించుకుని కూర్చుని ఉంటుంది. దేవుడు ఆమెను తక్కువ ప్రేమించాడా? మనం నోటితో అలా అనం. కాని మన చప్పట్లు అలాగే చెబుతాయి. 2020లో మా ఇంట్లో మేము తొందరపడటానికి కారణం అదే. ఆ చప్పట్లకు జవాబు చెప్పుకోవాలన్న భయం.

రేపు ఫలానా పట్టణానికి వెళ్తాం, అక్కడ ఏడాది ఉంటాం, లాభం సంపాదిస్తాం అనేవారిని యాకోబు తన పత్రికలో మందలించాడు. ప్రభువు చిత్తమైతే బ్రతికి ఇదీ అదీ చేస్తాం అనుకోవాలన్నాడు. ఆ మాటను పెళ్లిపత్రికల మీద, ప్రయాణాల ముందు చివర్న తగిలించడం మనకు అలవాటు. యాకోబు దాన్ని మొదట్లో పెట్టమన్నాడు. మొదట్లో పెడితే ప్రణాళిక వేయడం మానం. కాని ప్రణాళిక మారినప్పుడు కూలిపోం.

ఆ ఓడ సంగతి చివరికి ఏమైంది? ఓడ బద్దలైంది. సరుకు ముందే సముద్రం పాలైంది. దానిలోని 276 మంది మాత్రం, ఈదినవారు ఈది, పలకలు పట్టుకున్నవారు పట్టుకుని, అందరూ ఒడ్డు చేరారు. పౌలు రోమా చేరాడు. ఎన్నోసార్లు రావాలనుకుని ఆటంకపడ్డానని ఆ సంఘానికి రాసినవాడు, చివరికి సంకెళ్లతో చేరాడు. అక్కణ్నుంచి స్పెయిను వెళ్లాలన్నది ఆయన కోరిక. వెళ్లాడో లేదో అపొస్తలుల కార్యముల గ్రంథం చెప్పదు. అద్దె ఇంట్లో రెండేళ్లు ఉండి, తన దగ్గరకు వచ్చినవారందరినీ చేర్చుకున్నాడని చెప్పి ముగుస్తుంది.

మా ఇంటి అప్పు ఇంకా కొంత మిగిలే ఉంది. నెలనెలా కడుతున్నాం. ఆ ఒక్క సెమిస్టరు తాలూకు వాటా కట్టినప్పుడల్లా దక్షిణపు గాలి గుర్తొస్తుంది. అమ్మాయి చదువు పూర్తయి ఉద్యోగంలో ఉంది. మొన్న ఆ కుర్రవాడు మళ్లీ ఫోను చేసి "అక్కా, ఈ ఏడాది కుదరదేమో. ఆగమంటావా, వెళ్లమంటావా?" అని అడిగాడట. "నేనేం చెప్పను తమ్ముడూ. నువ్వు చదివావా ఆ కాగితం? మీ అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడావా? ముందు ఆ రెండూ చెయ్యి. తర్వాత ముగ్గురూ కలిసి ప్రార్థన చేసుకోండి" అందట.

మా ఇంట్లో మేము ఆ వరుస తిరగేశాం. మీరు తిరగెయ్యకండి.